పిల్లలు పట్నం పోయిన ఊళ్లో పెద్దవాళ్లను చూసుకోవడం ఎలా?

ఏటా అక్టోబరు 1న మండల కేంద్రంలో వృద్ధుల దినోత్సవం చేస్తారు. నలుగురు తాతలను, నలుగురు అవ్వలను కుర్చీల్లో కూర్చోబెట్టి, శాలువాలు కప్పి, అరటిపండ్లు పంచి, ఫొటో దిగుతారు. చేయనీయండి, తప్పేం లేదు. 2వ తారీఖు పొద్దున ఆ అవ్వ పొయ్యి వెలిగించిందా, బీపీ గోలీ వేసుకుందా అని చూసేవాళ్లు ఊళ్లో ఎవరన్నదే అసలు లెక్క.

పాలమూరు (మహబూబ్‌నగర్), నల్లగొండ వైపు ఈ లెక్క మరీ గట్టిది. కోస్గి, మద్దూరు, మక్తల్ వైపు కూలీలను గుంపుగా తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట ముంబై, పుణె దాకా పనికి పోవడం తాతల నాటి నుంచి ఉన్నదే. దేవరకొండ తండాల నుంచి హైదరాబాద్ అడ్డాల మీదికి, నల్లగొండ నేత కుటుంబాల నుంచి భివండీ, సూరత్ సాంచాల (మరమగ్గాల) మీదికి పోయారు. ఇండ్ల దగ్గర మిగిలింది ముసలివాళ్లు, కొన్నిచోట్ల వాళ్ల మీద వదిలిన బడి పిల్లలు. ఇలాంటి ఊళ్లో ఓ పదిమంది కలిసి పెద్దవాళ్లను కనిపెట్టుకోవాలంటే ఏ పని ముందు, ఏది తర్వాత అన్నది చెబుతాను. సంఘం రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, చందా బుక్కులు అక్కర్లేదు. ఎవరింటికి, ఏ రోజు, ఎవరు పోవాలన్నది తేలాలి. మిగతావి దాని వెనక వస్తాయి.

ముందు పేర్లు రాసుకోండి

వాడలవారీగా రాయండి. ఊళ్లో 60 దాటిన అందరి జాబితా వద్దు. ఒంటరిగా ఉండేవాళ్లు, దంపతులిద్దరే ఉండేవాళ్లు, మనవలను పెట్టుకుని ఉండేవాళ్లు ముందు రావాలి. వీళ్లతోపాటు ఇంకో రకం ఉంటారు. ఇంటి నిండా జనం ఉంటారు, ముసలాయన మాత్రం వెనక కొట్టంలో పడి ఉంటాడు. ఇలాంటివాళ్ల పేర్లు ఇంటివాళ్లు చెప్పరు, పక్కింటివాళ్లు చెబుతారు.

మొదటి రోజే పుస్తకం, పెన్ను పట్టుకుని పోకండి. కాగితం కనబడగానే పింఛను తీసేయడానికి వచ్చారనుకుంటారు. "నాకేం లేదు బిడ్డా, కొడుకులు జూస్తలేరు, రాసుకో" అని ఏడుపు అందుకుంటారు. ఆశా కార్యకర్తనో, మహిళా సంఘం లీడర్‌నో వెంట తీసుకెళ్లి, ఊరికే కూర్చుని మాట్లాడి రండి. రెండోసారి పోయినప్పుడు అడిగి రాసుకోవచ్చు. పిల్లల ఫోన్ నంబర్లు ఒకటికి రెండు తీసుకోండి, అడ్డా కూలీల నంబర్లు ఊరికే మారుతుంటాయి. ఏ గోలీలు వాడుతున్నారు, ఏ దవాఖానలో చూపించుకుంటారు, ఆధార్, రేషన్ కార్డు ఏ పెట్టెలో ఉన్నాయి, తలుపు లోపల గడియ వేసుకుంటే ఇంకో దారి ఉందా అన్నవి కూడా కావాలి. ఆ చివరిది ఎందుకని నవ్వుతారు గానీ, లోపల పడిపోయినప్పుడు ముందు కావలసింది అదే.

ఒక్కరికి రెండిండ్లు, వారానికి రెండు రోజులు

ఒక మనిషికి రెండిండ్లకు మించి అప్పగించకండి. నాలుగైదు ఇండ్లు ఒప్పుకున్నవాళ్లు నెల తిరక్కముందే మానేస్తారు. వీలైతే అదే వాడవాళ్లను, వరసైనవాళ్లను పెట్టండి. అత్తా, పెద్దమ్మా, చిన్నాయనా అని పిలిచే చనువు ఉన్నచోట సగం పని అయిపోయినట్టే. రోజు కూడా ముందే ఖాయం చేయండి. బుధవారం, శనివారం అనుకుంటే ఆ రోజులే పోవాలి. అవ్వ ఆ రోజు కోసం ఎదురుచూస్తుంటుంది. రాకపోతే ఎవరితోనూ అనదు గానీ మనసులో పెట్టుకుంటుంది.

పోయినప్పుడు "బాగున్నవా అవ్వా?" అంటే "ఏం బాగో బిడ్డా, గిట్లనే ఉన్న" అంటుంది. దాంతో మీకు తెలిసేదేం లేదు. "పొద్దుగాల ఏం తిన్నవ్? నిన్న రాత్రి ఏం వండినవ్?" అని అడగండి. అడుగుతూనే చూడండి. పొయ్యిలో బూడిద తాజాగా ఉందా, గిన్నెలో ఉన్నది ఇయ్యాల్టి బువ్వేనా, కుండలో నీళ్లున్నాయా, పోయినసారి చూసిన గోలీల పట్టీలో ఎన్ని తగ్గాయి? మాట తడబడుతోందా? ఎప్పుడూ కొంగు సర్దుకుని కూర్చునే మనిషి ఇయ్యాల మాసిన చీరతో పడుకుని ఉందా?

షుగర్ ఉన్నవాళ్లయితే కాళ్లు చూడకుండా రాకండి. తిమ్మిరెక్కిన అరికాలికి తుమ్మముల్లు దిగినా తెలియదు, ఎండకు కాలిన బండ మీద నడిచి బొబ్బలెక్కినా తెలియదు. గోరువెచ్చని నీళ్లతో కడిగి, తుడిచి, వేళ్ల సందుల్లో, మడమ పగుళ్లలో వెలుతురు పెట్టి చూడండి. కాళ్లు ముట్టుకోనీయడానికి మొదట్లో ఒప్పుకోరు. "నా కాళ్లు పట్టుకుంటవా, పాపం తగులుతది" అంటారు. ఆడపిల్లలు అడిగితే తొందరగా ఒప్పుకుంటారు. చిన్న పుండు కనిపించినా సరే, పసుపు పెట్టి ఊరుకోకుండా దవాఖానకు తీసుకెళ్లండి.

గోలీల సంగతి

పల్లె దవాఖానలో, పీహెచ్‌సీలో బీపీ, షుగర్ గోలీలు ఊరికే ఇస్తారు. గోలీలు దొరకక పాడయ్యేవాళ్ల కంటే దొరికినవి సరిగ్గా వేసుకోక పాడయ్యేవాళ్లే ఎక్కువ. బీపీ తగ్గిందంటే గోలీ మానేస్తారు. తగ్గింది గోలీ వల్లేనని చెప్పాలి, చెప్పిందే మళ్లీ చెప్పాలి. ఒకరి గోలీలు ఇంకొకరు సర్దుకుంటారు. పొద్దున వేసుకున్నది మరిచి మధ్యాహ్నం మళ్లీ వేసుకుంటారు.

చదువు రానివాళ్లకు పట్టీల మీద పేర్లు పనికిరావు. పాత జాకెట్ గుడ్డతో రెండు సంచులు కుట్టించండి. ఒకదాని మీద సూర్యుడు, ఒకదాని మీద చంద్రుడు గీయండి. నెల గోలీలు రాగానే మీరే కూర్చుని పొద్దుటివి ఇటు, రాత్రివి అటు వేయండి. పట్టీ నుంచి ఊడదీసి కలిపేయకండి, పట్టీతోనే కత్తిరించి పెట్టండి. మోతాదు మార్చడం మీ పని కాదు, నర్సు పనీ కాదు, డాక్టరుది.

మన దగ్గర ఒక్కపొద్దులు ఎక్కువ. శనివారం ఒక్కపొద్దుండి, షుగర్ గోలీ మాత్రం అలవాటుగా వేసుకుంటారు. మధ్యాహ్నానికి చెమటలు, వణుకు, కళ్లు తిరగడం. తెలివిలో ఉంటే వెంటనే మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించండి, ఆ వెనక తిండి పెట్టండి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి. ఒక్కపొద్దు మానమని వాదించి గెలవలేరు. ఆ రోజు గోలీ ఎలా వేసుకోవాలో డాక్టరును ముందే అడిగి, ఆ మాట డాక్టరు నోటే చెప్పించండి, వింటారు.

ఇంకోటి సూది. మోకాళ్ల నొప్పులంటే ఊరి ఆర్‌ఎంపీ దగ్గర సూది వేయించుకుని రావడం అలవాటు. ఆ పూటకు నొప్పి పోతుంది. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మందులు నెలల తరబడి వాడితే కిడ్నీలు దెబ్బతింటాయి, కడుపులో పుండ్లు పడతాయి, బీపీ పెరుగుతుంది. "సూది వద్దు" అని ఊరికే అంటే వినరు, నొప్పి వాళ్లది కదా. దానికి బదులు ఏం చేయాలో చూపించాలి. వేడి నీళ్ల కాపడం, చేతికి కర్ర, డాక్టరు చెప్పిన లెక్కలో పారాసిటమాల్. తొడ కండరం గట్టిపడేలా మంచం అంచున కూర్చుని కాలు చాచి పది లెక్కపెట్టి దించడం కూడా మంచిదే. మీరూ పక్కన కూర్చుని చేస్తే చేస్తారు.

పడకుండా చూడడం, పడితే చేయాల్సింది

ముసలితనంలో ఒక్కసారి కింద పడితే మనిషి మళ్లీ మంచం దిగకపోవచ్చు. పడేది ఎక్కడో కాదు, రోజూ తిరిగే చోటే. స్నానాల గది ముందు పాకురు, ఎత్తు గడప, రాత్రి బయటికి పోయే దారిలో అడ్డం కట్టిన దూడ తాడు. రాత్రి పూట ఒకసారి వాళ్లింటికి పోయి, మంచం దిగి మరుగుదొడ్డి దాకా వాళ్లెలా పోతారో వెనకాలే నడిచి చూడండి. పగలు కనబడనివి అప్పుడు కనబడతాయి. దారిలో చిన్న బల్బు వేయించండి. మరుగుదొడ్డి గోడకు పట్టుకోవడానికి ఇనుప పైపు బిగించమని ఊరి మేస్త్రీని అడిగితే గంటలో చేసిపోతాడు. గచ్చు మీద తడి ఆగకుండా వాటం చేయించండి. నులక వదులైన మంచంలోంచి లేవడం కష్టం, బిగించి నేయించండి. పాత చెప్పులు నున్నగా అరిగిపోతే మార్పించండి.

మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వైపు ఇంకో చిక్కు ఉంది. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ ఎక్కువున్న బోరు నీళ్లు తాగిన పెద్దవాళ్లకు ఫ్లోరోసిస్‌తో వెన్ను, మోకాళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. వాళ్లు గొంతుక్కూర్చోలేరు. కూర్చునే దొడ్డి లేకపోవడం వల్ల తిండీ నీళ్లూ తగ్గించుకునేవాళ్లున్నారు, అడిగితే తప్ప చెప్పరు. కమోడ్ కుర్చీ కొనండి. కొనలేకపోతే గట్టి కట్టె కుర్చీకి వడ్రంగితో మధ్యలో కోయించండి. బిగిసిన ఎముక మళ్లీ మామూలుగా కాదు గానీ, ఉన్నది ముదరకుండా చూడొచ్చు. మిషన్ భగీరథ నల్లా వచ్చినా "కృష్ణ నీళ్లల్ల రుచి లేదు" అని పాత బోరు నీళ్లే తెచ్చుకునే తాతలున్నారు. తాగడానికీ వండడానికీ నల్లా నీళ్లే వాడేలా చూడండి. వాడకానికి ఏవైనా పర్వాలేదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీసేందుకు పటిక, సున్నం కలిపే పద్ధతికి ప్రపంచమంతా ‘నల్లగొండ టెక్నిక్’ అనే పేరుంది. ఆ పేరు మన జిల్లాకు ఎందుకొచ్చిందో ఈ పెద్దవాళ్ల నడక చూస్తే తెలుస్తుంది.

పడితే: లేపి కూర్చోబెట్టాలని తొందరపడకండి. ఒక కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి, కదిపితే అరుస్తుంటే తుంటి విరిగిందనుకోండి. నూనె పెట్టి తోమడం, నాటు కట్టు కట్టించడం వద్దు. 108లో నల్లగొండకో మహబూబ్‌నగర్‌కో పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. ఆపరేషన్ ఎంత తొందరగా అయితే అంత తొందరగా నడుస్తారు. మూతి వంకరపోయి, ఒక చేయి పడిపోయి, మాట ముద్దగా వస్తే పక్షవాతం. ఆకు పసరుకు తిప్పితే వేళ దాటిపోతుంది. మెదడులో రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ పనిచేసేది నాలుగున్నర గంటల్లోపే, అందుకే లక్షణం మొదలైన టైము రాసి పెట్టుకుని కదలండి.

మంచం పట్టినవాళ్లను రెండు గంటలకోసారి పక్క తిప్పాలి, లేకపోతే వీపున పుండ్లు పడతాయి. జిల్లా ఆస్పత్రిలో పాలియేటివ్ కేర్ (తగ్గని జబ్బులో నొప్పి, బాధ తగ్గించే) విభాగం ఉందేమో కనుక్కోండి. ‘ఆలన’ బండిలో నర్సు ఇంటికే వచ్చి చూసే ఏర్పాటు ప్రభుత్వానిదే.

తిండి, ఎండ

పండ్లు లేని నోటికి జొన్నరొట్టె ఇబ్బంది. పప్పులోనో పాలలోనో నానబెట్టి పెట్టండి, గటక చేయండి. ఒక్కరికే వండుకోవాలంటే బద్ధకమై పచ్చిపులుసు బువ్వతో రోజులు వెళ్లదీస్తారు. కోడిగుడ్డు, పెసరపప్పు, పెరుగు లోపలికి పోయేలా చూడాలి. పక్కింట్లో ఒక గరిటె కూర ఎక్కువ వండితే ఈ చిక్కు తీరుతుంది. ఊరికే తీసుకోవడానికి నామోషీ పడే అవ్వకు చింతపండు గింజ తీసే పనో, పల్లికాయ వలిచే పనో చెప్పండి. అప్పుడు కూర దర్జాగా తీసుకుంటుంది.

మే నెలలో మాత్రం వారానికి రెండు రోజులు చాలదు. నల్లగొండలో 44, 45 డిగ్రీలు కొత్త కాదు, రేకుల ఇంట్లో ఇంకా మంట. ముసలివాళ్లకు దూప తెలియదు, రాత్రి లేవాల్సి వస్తుందని నీళ్లు తగ్గిస్తారు. రోజుకు రెండుసార్లు తొంగి చూసి, మజ్జిగో అంబలో కళ్ల ముందే తాగించండి. పగటి పూట చెట్టు కిందికో, బడి వరండాలోకో తీసుకురండి. ఒళ్లు కాలిపోతూ పిచ్చిగా మాట్లాడుతుంటే వడదెబ్బ. నీడకు చేర్చి, తడిగుడ్డతో ఒళ్లంతా తుడుస్తూ, విసురుతూ 108ని పిలవండి.

పింఛను, కార్డులు

ఆసరా పింఛను 2014లో మొదలైంది, వృద్ధులకు 2019లో 2,016 రూపాయలకు పెరిగింది. పోస్టాఫీసు దగ్గర వేలిముద్ర పడక తిప్పలు పడేది ఎక్కువగా మట్టిపని, బీడీ పని చేసిన చేతులు. ముందు రోజు రాత్రి కొబ్బరినూనె రాసి, పొద్దున శుభ్రంగా కడిగి తీసుకెళితే కొంత నయం. పక్కన ఉండండి, డబ్బు మాత్రం మీరు ముట్టుకోకండి. ఏటీఎం కార్డు, పిన్ను మీ దగ్గర పెట్టుకోమని ఇచ్చినా తీసుకోకండి. ఎంత నమ్మకమున్నా సరే, ఊళ్లో ఒక్క మాట పుడితే పనంతా ఆగిపోతుంది.

70 దాటినవాళ్లకు ఆదాయంతో పని లేకుండా 5 లక్షల దాకా వైద్యానికి ఆయుష్మాన్ వయ వందన కార్డు 2024 నుంచి ఇస్తున్నారు. ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. జబ్బు వచ్చాక కార్డు కోసం తిరగకుండా ఇప్పుడే చేయించి పెట్టండి. అవ్వలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ లేదు, కాబట్టి దవాఖానకు తోడు దొరికితే చాలు. తాతలకు చార్జీ ఎట్లాగూ తప్పదు, పాపం, అదొక సాకుగా పెట్టి ఇల్లు కదలరు.

భూమి రాసిచ్చే ముందు

ఇక్కడ మొహమాటం వద్దు. బతికుండగా భూమి మొత్తం కొడుకుల పేర రిజిస్ట్రేషన్ చేసి, ఆ తర్వాత బువ్వకు తిరిగే తల్లిదండ్రులు ప్రతి మండలంలో ఉన్నారు. వీలైనంతవరకు వీలునామాతో సరిపెట్టుకోమని చెప్పండి, దాన్ని ఎప్పుడైనా మార్చుకోవచ్చు. రాసివ్వక తప్పకపోతే, పోషించాలన్న షరతు గిఫ్ట్ డీడ్ (దానపత్రం)లోనే రాయించాలి. తల్లిదండ్రులు, సీనియర్ సిటిజన్ల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్ ప్రకారం, ఆ షరతు తప్పితే రాసిచ్చిన దాన్ని రద్దు చేయించుకోవచ్చు.

ఇప్పటికే పోషణ లేనివాళ్లు ఆర్డీవో దగ్గరి ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టవచ్చు. నెలకు 10,000 దాకా ఇప్పించే అధికారం ఉంది, నోటీసు ఇచ్చిన 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ముసలివాళ్లు తిరగలేకపోతే వాళ్లు ఒప్పుకున్న వ్యక్తి గానీ సంస్థ గానీ వాళ్ల తరఫున వేయవచ్చు. అంటే మీరే వేయవచ్చు. పిల్లలు లేనివాళ్లు తమ ఆస్తికి వారసులయ్యే బంధువుల నుంచి అడగవచ్చు. అయితే నా మాటగా చెబుతున్నాను, కాగితం పెట్టే ముందు కొడుకుతో, కోడలితో ఒకసారి కూర్చోండి. చాలాచోట్ల ఆర్డీవో పేరెత్తితేనే దారికొస్తారు, తల్లి కూడా కొడుకును ఆఫీసుకు ఈడ్చడానికి మనసొప్పక వెనక్కి తగ్గుతుంది. కొడుతున్నారని తెలిస్తే మాత్రం ఆగకండి. వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కు పొద్దున 8 నుంచి రాత్రి 8 దాకా ఎవరైనా ఫోన్ చేయవచ్చు.

మాట, తోడు

తిన్నా, గోలీలు వేసుకున్నా, మాట్లాడే మనిషి లేక కుంగిపోయేవాళ్లుంటారు. దీనికి పెద్ద కార్యక్రమాలు పెట్టకండి. సాయంత్రం పూట ఏదో ఒక అరుగు మీద నలుగురు చేరేలా చేయండి. దూరం నుంచి నడవలేని తాతను బండి మీద తెచ్చి దింపితే సరిపోతుంది. బతుకమ్మ ముందు ఆడపిల్లలను అవ్వల దగ్గరికి పంపి పాత పాటలు నేర్చుకోమనండి, పీర్ల పండుగకు అలావా (నిప్పుల గుండం) దగ్గర తాతల మాట అడగండి. అవ్వకు తెలిసింది అడిగితే ఆ సాయంత్రమంతా ఆమెకు పని దొరుకుతుంది.

చెప్పిందే చెబుతుంటే, తెలిసిన దారి మరిచిపోతుంటే చాదస్తమని కొట్టిపారేయకండి, డాక్టరుకు చూపించండి. "ఇగ నేను ఎందుకుండాలె" అన్న మాట వింటే తేలిగ్గా తీసుకోకండి. ఆ ఇంట్లో పురుగుల మందు డబ్బాలు ఉంటే ఆ రోజే వేరేచోటికి మార్పించండి, ఆ రాత్రి ఒంటరిగా వదలకండి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడతారు, డబ్బులు పట్టవు.

దసరాకు పిల్లలతో కూర్చోండి

వీటన్నిటికీ ఎదురుదెబ్బ బయటి నుంచి రాదు, ఆ ఇంటి నుంచే వస్తుంది. "మా అమ్మను మేం చూసుకుంటలేమా? ఊరంతా మా ఇజ్జత్ తీస్తున్నరా?" అని ముంబై నుంచి కొడుకు ఫోన్ చేస్తాడు. కోపం తెచ్చుకోకండి. ఆ కోపంలో సిగ్గు ఎక్కువ. మొదటిసారి వాళ్లింటికి పోకముందే ఫోన్ చేసి, "అన్నా, నువ్వు దూరమున్నవ్ గద, మేం వారానికి రెండుసార్లు పోయి చూసొస్తం, ఏమన్న ఉంటే నీకే చెప్తం" అంటే సగం గొడవ పుట్టదు.

దసరాకు అందరూ ఊళ్లో ఉంటారు. పండుగ మర్నాడు ఒక్కో ఇంటికి పోయి కూర్చోండి. మూడు సంగతులు తేల్చుకోండి. నెలకు ఎంత పంపుతారు, ఏ తారీఖున, ఎవరి ఖాతాలో. అర్ధరాత్రి ఏదైనా అయితే ముందు ఎవరికి ఫోన్ చేయాలి, ఆస్పత్రిలో సంతకం పెట్టడానికి ఎవరు వస్తారు. వారానికి ఏ రోజు, ఏ టైముకు తల్లితో మాట్లాడతారు. అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురి ముందే అడగండి, విడిగా అడిగితే ఒకరు ఇంకొకరి మీద తోస్తారు. ఒప్పుకున్నవి మీ పుస్తకంలో అవ్వ పేరు కింద వాళ్ల చేతే రాయించి, అవ్వకు చదివి వినిపించండి. ఆమె ఒప్పుకోనిది ఏదైనా ఉంటే అక్కడే కొట్టేయండి.